మేకుకు వేలాడే పిట్ట, కింద కడప బండ

సంతలో కోడిపుంజును కొని, కాళ్లు పట్టుకుని తలకిందులుగా వేలాడేసుకుని పోయే మనిషి మన సీమ పల్లెల్లో ఎవరికీ కొత్త కాదు. ఈసారి మనిషిని వదిలేసి కోడిని చూడండి. ప్రాణమున్న కోడి తలకిందులుగా ఉన్నా మెడను కొక్కెంలా వంచి తల పైకెత్తే ఉంచుతుంది. కాసేపు రెక్కలు కొట్టుకుని, అలిసిపోయి, మళ్లీ ఒంటికి లాక్కుంటుంది. అదే కోడి చచ్చాక మెడ తడిగుడ్డలా జారిపోతుంది. రెక్కలు వాటంతటవే విచ్చుకుంటాయి. 17వ శతాబ్దపు డచ్చి చిత్రకారులు వేట బొమ్మల్లో, అంటే వేటాడి తెచ్చిన పిట్టల్ని, కుందేళ్లను వేలాడదీసి వేసిన బొమ్మల్లో, పట్టుకున్నది ఈ తేడానే. ఆ బొమ్మల్ని చూసి నేర్చుకునేవాళ్లు చాలామంది ఈకల దగ్గరే ఆగిపోతారు. ఈకలు బ్రహ్మాండంగా వస్తాయి, పిట్ట మాత్రం గోడకు అతికించిన అట్టముక్కలా ఉంటుంది. బరువు రాలేదన్నమాట.

బరువు చూడాలంటే ముందు ఆ డచ్చి చిత్రకారుల్లో ఒకడైన రెంబ్రాంట్ దగ్గరికి పోవాలి. 1639లో ఆయన వేసిన ఒక బొమ్మ జర్మనీలో డ్రెస్డెన్ మ్యూజియంలో ఉంది. అందులో ఆయనే చచ్చిన కొంగ జాతి పక్షిని కాళ్లు పట్టుకుని పైకెత్తి చూపిస్తుంటాడు. వెలుతురంతా పక్షి మీద పడుతుంది, మనిషి ముఖం నీడలో ఉంటుంది. ఇంచుమించు అదే కాలంలో ఆయన వేసిన రెండు నెమళ్ల బొమ్మ ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియంలో ఉంది. ఒక నెమలి కాళ్లతో వేలాడుతుంటుంది, ఇంకొకటి బండ మీద పడి ఉంటుంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే వేలాడే బరువుకూ, వాలిపోయిన బరువుకూ తేడా తెలుస్తుంది. రైక్స్ మ్యూజియం, వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీ తమ బొమ్మల్లో చాలావాటిని పెద్ద సైజులో ఉచితంగా దింపుకోనిస్తాయి. ఫోన్‌లో కాకుండా కంప్యూటర్‌లో పెద్దది చేసి చూడండి.

ఈ తరహా బొమ్మలకు పేరుపడ్డవాళ్లలో ముగ్గురు ముఖ్యం. విల్లెం వాన్ ఆల్స్ట్ 1627లో డెల్ఫ్ట్‌లో పుట్టాడు. ఇటలీలో మెడిచీ ప్రభువుల కొలువులో పనిచేసి, తర్వాత ఆమ్‌స్టర్‌డామ్‌లో స్థిరపడ్డాడు. నీలం మఖ్మలు వేటసంచి ఆయన ముద్ర లాంటిది. యాన్ వేనిక్స్ 1719 దాకా బతికాడు. కుందేలు బొచ్చు వేయడంలో ఆయనను మించినవాడు లేడని నా లెక్క. మెల్కియోర్ ద హోండెకూటర్ (1636–1695) ఈ వేనిక్స్‌కు మేనత్త కొడుకో, మేనమామ కొడుకో అయ్యే వరస. వేనిక్స్ తండ్రి దగ్గరే పని నేర్చుకున్నాడు. హోండెకూటర్ బొమ్మలు నాలుగు వరుసగా చూస్తే ఒక సంగతి బయటపడుతుంది. అదే పక్షి అదే భంగిమలో మళ్లీ మళ్లీ వస్తుంది. ముందే విడివిడిగా పక్షుల నమూనాలు వేసి పెట్టుకుని, కావలసినప్పుడు తీసి పెద్ద బొమ్మలో పెట్టేవాడు. ఇరవై పక్షులు పక్కపక్కన పడేసుకుని ఒకేసారి వేశారనుకుని బెదిరిపోనక్కర్లేదు.

కొన్నవాళ్లు ఎవరన్నది కూడా బొమ్మలోనే తెలుస్తుంది. అక్కడ వేట హక్కు చాలామటుకు ప్రభువుల కుటుంబాలదే. వ్యాపారంలో డబ్బు గడించినవాడికి తుపాకీ కొనే స్తోమత ఉన్నా అడవి మీద హక్కు లేదు. గోడ మీద వేట బొమ్మకు అడ్డెవరు? అందుకే వెండి కొమ్ముబూర, డేగ తలకు తొడిగే తోలు టోపీ, పట్టు దారాలు అంత ముద్దుగా వేయించుకున్నారు. మన లేపాక్షి పైకప్పు మీద కిరాతార్జునీయంలోనూ వేట ఉంది. అక్కడ పంది ఇంకా పరుగులోనే ఉంటుంది, గీత బలంతో నడుస్తుంది, నీడ అన్నదే లేదు. డచ్చివారిది వేట ముగిసి అందరూ ఇంటికొచ్చాక మిగిలిన నిశ్శబ్దం. అంతా నీడ మీదే నడుస్తుంది.

ఇక పనిలోకి. మొట్టమొదట చట్టం. అడవి కౌజు, చెవులపిల్లి, నెమలి, ఏదైనా సరే, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద పట్టడమూ చంపడమూ కొనడమూ నేరమే. ఉచ్చులేసేవాళ్లు తెచ్చిస్తామన్నా ఒప్పుకోవద్దు. ఆ అవసరమూ లేదు. కోళ్ల అంగట్లో కౌజు పిట్టల పేరుతో అమ్మేవి ఫారంలో పెంచిన జపాన్ జాతి పూరేళ్లు. వాటి గోధుమరంగు చారలు బొమ్మకు సరిగ్గా సరిపోతాయి. చెవులపిల్లికి బదులు ఫారం కుందేలు. తెల్లది వద్దు. గ్రే జెయింట్, సోవియట్ చించిల్లా అనే బూడిదరంగు రకాలు అడగండి. నాటు కోడిపుంజైతే డేగ రంగుది తీసుకోండి. మెడ మీద రాగి మెరుపు, తోకలో పచ్చ తిరిగిన నలుపు ఒకే పిట్టలో దొరుకుతాయి. కోడి వేస్తే అది వేట బొమ్మ ఎట్లవుతుందని అనుమానం వస్తే, వాన్ ఆల్స్ట్ 1661లో వేసి ఇప్పుడు వాషింగ్టన్‌లో ఉన్న బొమ్మ చూడండి. వేట పిట్టల నడుమ కోడిపుంజు కూడా ఉంది.

మొదటి బొమ్మకు రెండు కౌజులు చాలు. 12×16 అంగుళాల కాన్వాస్, నిలువుగా. పిట్టను ఉన్నంత సైజులోనే వేయండి. చిన్నది చేసి వేస్తే బరువు అక్కడే సగం పోతుంది. అంగట్లో ముందుగానే చెప్పాలి: వేడినీళ్లలో ముంచొద్దు, ఈక పీకొద్దు, కాల్చొద్దు. చేతి అలవాటు కొద్దీ ముంచేస్తారు, పక్కన నిలబడే చేయించుకోండి. మెడ కోత గోడవైపు తిరిగేలా చూసుకోవాలి. రక్తం పోయిన పుంజుకు తురాయి పాలిపోతుందని గుర్తుంచుకుని, ఎరుపు తగ్గించి వేయాలి. నిగనిగలాడే ఎర్ర తురాయి పెడితే కోడి బతికున్నట్టే ఉంటుంది.

చచ్చిన అరగంట, గంట నుంచి ఒళ్లు బిగుసుకోవడం మొదలవుతుంది. ఎండ కాలంలో ఇంకా తొందరగా. సంచిలో మడిచి ఇంటికి తెచ్చి, బిగుసుకున్నాక మేకుకు తగిలిస్తే పిట్ట ఆ మడతలోనే కట్టెలా నిలబడుతుంది. ఎంతో ఓపికగా వేసినా కొన్ని బొమ్మల్లో పిట్ట కొయ్యబొమ్మలా కనిపించడానికి ఇదే కారణం. తెచ్చిన వెంటనే ఒంటికాలికి పురికొస కట్టి వేలాడదీయండి. రెండు కాళ్లూ కలిపి కడితే పిట్ట నిట్టనిలువు గీతలా ఉంటుంది. ఒక కాలికి కడితే రెండోది పక్కకు వాలి ఏటవాలు గీత వస్తుంది, ఒళ్లు కొద్దిగా తిరుగుతుంది. వేనిక్స్ కుందేళ్లు ఎక్కువగా ఒక వెనక కాలితోనే వేలాడేది అందుకే. ఆ కాలు మొత్తం బరువును మోస్తుంది కాబట్టి చీలమండ దగ్గర చర్మం సాగి, ఎముక ఆకారం పైకి తేలాలి. రెండో కాలు వదులుగా ఉండాలి. రెండు కాళ్లనూ ఒకేలా వేశారంటే బొమ్మ అక్కడే పోయినట్టు.

కోసిన కోడికాలిలో నరం లాగి వేళ్లు ముడిచే ఆట పల్లె పిల్లలందరికీ తెలుసు. అదే సూత్రం ఇక్కడ పనికొస్తుంది. కాలు మడిచి ఉంటే వేళ్లు ముడుచుకుంటాయి, చాపితే వదులవుతాయి. కట్టిన కాలి వేళ్లు సగం తెరిచి, వదిలేసిన కాలి వేళ్లు లోపలికి ముడిచి ఉండాలి.

ఇంకొక చిన్న సంగతి, కన్ను. మనుషులకు పై రెప్ప కిందికి దిగుతుంది. కోడికి, కౌజుకు కింది రెప్ప పైకి వస్తుంది. అలవాటు కొద్దీ పై రెప్పను దించేస్తే పిట్ట నిద్రపోతున్న పసిబిడ్డలా కనిపిస్తుంది. కింది నుంచి లేచిన బూడిదరంగు తోలు, దాని పైన సన్నని నల్ల సందు, అంతే. కంట్లో తెల్లచుక్క మెరుపు పెట్టొద్దు. గంటా రెండు గంటల్లో కన్ను లోపలికి కుంగి మెరుపు పోతుంది.

ఎండ సంగతి వేరే చెప్పాలా. హాలండ్‌లో వేట కాలం అంటే చలికాలం, పిట్ట రోజుల తరబడి గోడకు వేలాడినా నిలిచేది. అనంతపురంలో ఏప్రిల్ నెలలో మధ్యాహ్నానికే వాసన. డిసెంబరు, జనవరి నెలలు పెట్టుకోండి. ఉదయం ఆరున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా పని, తర్వాత చేపలవాళ్లు వాడే థర్మాకోల్ డబ్బాలో కింద మంచు, మధ్యలో ప్లాస్టిక్ కాగితం, పైన పిట్ట. మంచు నేరుగా తగిలితే ఈకలు తడిసి ముద్దవుతాయి. తడిసిన ఈక ఆరినా మునుపటి నునుపు రాదు. వంటింటి ఫ్రిజ్‌లో పెట్టొద్దు. రెండు పూటలకు మించి సాగదీయవద్దు. మొదటి పూటలోనే ఒకే చోట నిలబడి, ఐదడుగుల దూరం నుంచి ఫోటోలు తీసి పెట్టుకుంటే మిగతా పని వాటిని చూసి సాగుతుంది. ఫోటోలో నీడలన్నీ ఒకే నలుపుగా వస్తాయి కాబట్టి, నీడలో కనిపించే రంగుల్ని మాత్రం పిట్ట ముందున్నప్పుడే వేసెయ్యాలి. చేతికి గ్లవ్స్ వేసుకోండి. రెండు పూటలైన పిట్టను కూర వండుకుందామని చూడకండి, పూడ్చిపెట్టండి.

వెలుతురుకు ఒకే కిటికీ, వీలైతే ఉత్తరం వైపుది, ఎడమ పక్క. కింది సగానికి అట్ట అడ్డం పెట్టి పై సగం నుంచే వెలుగు రానివ్వండి. మన ఇళ్లలో సున్నం గోడలు వెలుగును తిప్పికొట్టి నీడను చంపేస్తాయి. పిట్ట వెనక, కుడి పక్క నల్ల గొంగళి వేలాడదీస్తే సమస్య తీరుతుంది. బజారులో దొరికే నల్ల శాటిన్ గుడ్డ కన్నా కురుబలు నేసే గొర్రెబొచ్చు గొంగళి ఎంతో మేలు. మెరవదు, వెలుతురును మింగేస్తుంది, దాని నలుపులో కొంచెం గోధుమ ఛాయ ఉంటుంది.

కింద బండకు మాత్రం మనవాళ్లు అదృష్టవంతులు. డచ్చి బొమ్మల్లో పిట్ట తల ఆనేది రాతి అంచు మీద. ఇక్కడ కడప బండ, తాడిపత్రి నాపరాయి ఏ రాళ్ల పాలిష్ యూనిట్ దగ్గరైనా తునకలుగా పడి ఉంటాయి. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు ముక్క చాలు. పాలిష్ చేసిన ముఖం పైకి పెట్టొద్దు, అద్దంలా మెరిసి పిట్ట కన్నా ఎక్కువ కన్ను లాగుతుంది. పొరలుగా విడిన సహజమైన ముఖం పైకి, పగిలిన అంచు మన వైపుకు. ఆ అంచులోని చిన్న చిన్న పెచ్చులే బొమ్మలో వెలుగును పట్టుకుంటాయి. రక్తపు మరక పడితే నీళ్లతో తుడవండి. నిమ్మకాయ రుద్దొద్దు. ఇది సున్నపురాయి కాబట్టి పులుపు రాయినే తినేసి మచ్చ పడుతుంది. రంగుకు ఐవరీ బ్లాక్, తెలుపు, చిటికెడు యెల్లో ఓకర్. బండ నీలంగా కనిపిస్తుందని నీలం కలపకండి. నలుపు తెలుపు కలిపిన బూడిదరంగు గోధుమరంగు పిట్ట పక్కన దానంతటదే నీలంగా తిరుగుతుంది. నిజం నీలం కలిపితే బండ ప్లాస్టిక్ తొట్టి అవుతుంది.

రంగులు ఎనిమిది దాటనక్కర్లేదు: టైటానియం తెలుపు, యెల్లో ఓకర్, బర్న్‌ట్ సియెన్నా, రా అంబర్, బర్న్‌ట్ అంబర్, ఐవరీ బ్లాక్, అలిజరిన్ క్రిమ్సన్, అల్ట్రామెరైన్. డచ్చివారు వాడింది సీసం తెలుపు. అది విషం, పొడి రూపంలో అసలు ముట్టుకోవద్దు. నూనె అవిసె నూనే కావాలి, అదీ చిత్రకారుల కోసం అమ్మేది. హార్డ్‌వేర్ అంగట్లో తలుపులకు కొట్టే డబుల్ బాయిల్డ్ నూనె త్వరగా ఎండుతుంది గానీ పసుపెక్కి నల్లబడుతుంది. వేరుశనగ జిల్లాలో ఉన్నాం కదా అని ఆ నూనె పోశారో, ఏళ్లు గడిచినా రంగు ఎండదు. గాలి తగిలి గట్టిపడే గుణం అవిసె నూనెకుంది, వేరుశనగ నూనెకు లేదు.

తెల్ల కాన్వాస్ మీద నేరుగా మొదలుపెట్టవద్దు. రా అంబర్, తెలుపు, కొంచెం నలుపు కలిపిన బూడిద గోధుమరంగు అక్రిలిక్ పూత పల్చగా వేసి ఆరనివ్వండి. దాని మీద మొదటి పొర. ఈ పొరను డచ్చివారు దోద్‌వెర్ఫ్ అన్నారు, అంటే చచ్చిన రంగు. పేరు వేట బొమ్మ కోసం పెట్టింది కాదు. పువ్వైనా ముఖమైనా మొదట వేసే జీవం లేని పొరకు అదే మాట. రంగులో టర్పెంటైన్ మాత్రమే, నూనె వద్దు. ఇందులో ఒక్క ఈక కూడా వేయకూడదు. పిట్ట రొమ్ము ఒక కోడిగుడ్డు అనుకోండి. వెలుగు, నడిమి ఛాయ, నీడ, మూడే మూడు. తెరుచుకున్న రెక్క ఒక విసనకర్ర, అంతే. ఈ దశలో కళ్లు సగం మూసి చూసినప్పుడు కిందికి లాగే బరువు కనిపించకపోతే చెరిపేసి మళ్లీ వేయండి. పైన ఎన్ని ఈకలు వేసినా ఈ లోపం తీరదు.

రెండు రోజులకు అంబర్ పొర ఎండుతుంది. ఐవరీ బ్లాక్, అలిజరిన్ ఎక్కువ పడిన చోట వారమైనా తీసుకుంటుంది. ఆ నలుపు ఎండకముందే పైన త్వరగా ఎండే అంబర్ వేస్తే ఆరేడు నెలలకు బీటలు. అందుకే కింది పొరలో నలుపు తగ్గించి బర్న్‌ట్ అంబర్‌తోనే ముదురు తెచ్చుకోండి. రెండో పొరలో ఒక వంతు నూనెకు రెండు వంతుల టర్పెంటైన్, చివరి పొరలో సగం సగం. ఆషాఢం గాలిలో ఈ పని పెట్టుకుంటే దుమ్మంతా తడి రంగులోనే ఉంటుంది. అట్లాంటప్పుడు కాన్వాస్‌ను గోడవైపు తిప్పి, ముందుకు వంచి ఆనించి పెట్టాలి.

ఇప్పుడు ఈకలు. పిట్ట ఒంటి మీద ఈకల మొనలన్నీ తోకవైపు తిరిగి ఉంటాయి. తలకిందులుగా వేలాడదీస్తే ఆ మొనలు పైకి తిరుగుతాయి. పైకి తిరిగిన ఈక తన బరువుకు తాను కొద్దిగా విడివడి బయటికి వాలుతుంది. రొమ్ము మీద, మెడ మీద ఈకల మధ్య సందులు తెరుచుకుని అడుగున ఉన్న బూడిదరంగు నూగు కనిపిస్తుంది. డచ్చి బొమ్మల్లో రొమ్ము దగ్గర కనిపించే ఆ చెదిరిన మెత్తదనం ఇదే. నిలబడిన పిట్ట ఫోటో చూసి ఈకలు వేసి, బొమ్మను తలకిందులు చేసేవాళ్లున్నారు. ఈకలన్నీ దువ్వినట్టు పడుకుని ఉంటాయి, చూసినవాడికి ఏదో తప్పుందని తెలుస్తుంది గానీ ఏమిటో చెప్పలేడు.

రెక్క కొస భాగంలో పెద్ద ఈకలు కోడికి పది. వాటి మొదళ్లను కప్పుతూ చిన్న ఈకల వరసలు. ముందు వరసల్ని వేయండి, తర్వాత వరసలో ఈకల్ని విడదీయండి. పది ఈకలనూ ఒకే శ్రద్ధతో వేస్తే విసనకర్ర అంగడి అవుతుంది. వెలుగు నీడలోకి తిరిగే చోట రెండు మూడు ఈకలకు కాడ, నూలు గీతలు, చీలిన అంచు అన్నీ ఇవ్వండి. పూర్తి వెలుగులో ఉన్నవి తేలికగా, నీడలో ఉన్నవి అంచు కూడా తెలియకుండా. కౌజు వీపు మీద ప్రతి ఈక నడుమ గడ్డిపోచ రంగు గీత ఒకటి ఉంటుంది. ఆ గీతలన్నీ వరసల వంపును పట్టుకుని నడుస్తాయి. సన్న కుంచెతో, ఓకర్ తెలుపు కలిపి, ఒక్కో గీత ఒక్క విసురులో వేయాలి. రెండోసారి దిద్దితే దారం అతికించినట్టుంటుంది.

డేగ పుంజు తోక నలుపుకు నేరుగా పచ్చ పూయొద్దు. నలుపు, బర్న్‌ట్ అంబర్ అడుగు. ఎండాక అల్ట్రామెరైన్, ఓకర్ నూనెలో పల్చగా కలిపి మెరుపుకు పక్కనే ఒక సన్నని పట్టీ మాత్రం. మెరుపు తెలుపు కాదు, కిటికీలోని ఆకాశం రంగు, నీలి బూడిద.

కుందేలు పొట్ట తెల్లగా ఉంటుందని తెలుపుతో మొదలుపెట్టేవాళ్లకు చివర వేయడానికి ఏమీ మిగలదు. నడిమి బూడిదరంగుతో ఆకారం నింపండి. తడిగా ఉన్నప్పుడే కుంచె వెనక మొనతో బొచ్చు దిశను గీకండి. ఎండాక చిక్కని తెలుపుతో వెంట్రుకలు, అవీ నల్ల గొంగళి మీదికి పొడుచుకొచ్చే అంచుల దగ్గరే. ఫ్యాన్ బ్రష్ తీసుకుని ఒంటినంతా దువ్వేస్తే కుందేలు కాస్తా మెత్తటి బొమ్మ అవుతుంది. పొట్ట చర్మం రొమ్ము వైపుకు జారి అక్కడ ఒకటి రెండు మడతలు పడుతుంది. వేనిక్స్ అది ఎప్పుడూ మర్చిపోలేదు. ముక్కు దగ్గర రక్తం ఒక చుక్క చాలు, అలిజరిన్‌లో బర్న్‌ట్ అంబర్ కలిపి, దాదాపు నల్లగా.

మ్యూజియం బొమ్మల్లోని రంగుల్ని ఉన్నదున్నట్టు కాపీ కొట్టవద్దని ఒక మాట. కొన్ని డచ్చి బొమ్మల్లో ఆకులు నీలంగా ఉంటాయి. అది చిత్రకారుడి ఊహ కాదు, పచ్చ కోసం నీలంలో కలిపిన పసుపు మూడు వందల ఏళ్లలో వెలిసిపోయింది. స్మాల్ట్ అనే నీలం బూడిదైపోయింది. ఆ తేనెరంగు వెచ్చదనంలో సగం పాత వార్నిష్‌దే. మీ బొమ్మకు వార్నిష్ ఆరు నెలల తర్వాతే.

చివర మిగిలేది మేకు, పురికొస. 1504లో ఇటలీవాడు జాకోపో దె బార్బరి కౌజునూ ఇనుప చేతొడుగులనూ గోడకు వేలాడదీసినట్టు ఒక బొమ్మ వేశాడు, అది మ్యూనిచ్‌లో ఉంది. ఇలాంటి బొమ్మల్లో మొదటివాటిలో ఒకటి. మీ బొమ్మలో మేకు నీడ గోడ మీద పడాలి, పొడవు పిట్ట నీడతో సరిపోవాలి. పురికొసను స్కేలు పెట్టి గీసినంత నిటారుగా వేయండి, ముడి దగ్గర పీచు రెండు పోగులు లేచి ఉండనివ్వండి. కాలి చర్మంలోకి కొస దిగిన చోట ఒక సన్నని ముదురు గీత, దాని కింద చర్మం కొద్దిగా ఉబ్బి చిన్న వెలుగు. కౌజు రెండు వందల గ్రాములుంటే ఆ గీత వెంట్రుకంత, పుంజు రెండు కిలోలుంటే గోరంత.